నూట పదిహేడో నంబర్ ఒర

చనిపోయిన మనిషి కత్తి ఫోటోగా మారి చీఫ్ బల్ల మీదకి వచ్చింది.

ఫోటో చీఫ్ వైపుకి తిరిగి ఉంది. అయినా బల్లకి ఇవతల నిలబడ్డ ఏజెంట్ సానరాయి దాన్ని తలకిందులుగానే గుర్తుపట్టాడు. సన్నటి ఉక్కు అలుగు, ఇత్తడి అడ్డపట్టీ, ఆ పట్టీ ఎడమ కొసన బియ్యపుగింజంత నొక్కు. పిడికి దగ్గరగా ఉక్కు మీద కొట్టిన నంబర్ నూట పదిహేడు. ఎప్పటిదో యుద్ధంలో సైన్యం తన జవాన్లకి పంచిన ఫీల్డ్ నైఫ్ అది. అలాంటివి వేలల్లో తయారై ఉంటాయి. ఆ నొక్కు మాత్రం ఒక్కదానికే ఉంది.

"ఎవరిది?" అన్నాడు చీఫ్. మాటకింత అని ఎవరో పన్ను వేస్తున్నట్టు మాట్లాడతాడాయన.

"మాస్టారిది."

"ష్యూర్?"

"ఆ నొక్కు పడినప్పుడు పక్కనే ఉన్నాను సార్. నా ఆకలి చూడలేక డబ్బా మూత తెరవబోయారు. జారింది."

చీఫ్ ఇంకేమీ అడగకుండా ఒక కేటలాగు ముందుకి తోశాడు. పాత సైనిక కత్తుల ప్రదర్శన. మర్నాడు ఉదయం, మ్యూజియం హాల్లో. ఫోటో కింద రెండే ముక్కలు: ఒరతో సహా, నంబర్లు కలిసిన జత.

కత్తులు సేకరించేవాళ్లకి ఆ మాట వింటే నోట్లో నీళ్లూరతాయి. సైన్యంలో కత్తికీ, దాని ఒరకీ ఒకే నంబర్ కొట్టి ఇస్తారు. యుద్ధం ముగిసేసరికి కత్తి ఒక దేశంలో, ఒర ఒక దేశంలో తేలతాయి. మళ్లీ రెండూ ఒకచోట చేరితే కలెక్టర్లు "జత కుదిరింది" అంటారు, ఇంట్లో పెళ్లి కుదిరినంత సంబరంగా.

చీఫ్ విషయం విడమరిచి చెప్పాడు. అంటే ఆయన లెక్కలో అది ఉపన్యాసమే. సరిహద్దు అవతలి ముఠా వైర్‌లెస్‌లో కొన్నాళ్లుగా అదే మాట తిరుగుతోంది, జత కుదిరింది అని. ప్రదర్శన ప్రారంభించేది కల్నల్ గారు. రిటైరయ్యాక ఆయన ప్రాణమంతా పాత కత్తుల మీదే. ఆ మర్నాడే ఆయన సరిహద్దు చర్చలకి బయల్దేరాలి. రెండు వైపులా నమ్మే మనిషి ఆయనొక్కడే. ఆయన వెళ్లకపోతే చర్చలు లేవు. చర్చలు లేకపోతే ఏముంటుందో ఆ గదిలో ఎవరూ చెప్పుకోనక్కర్లేదు.

"ఫోటో ఎవరు పంపారు సార్?"

"నెమలి."

నెమలి అంటే పాత వస్తువుల వ్యాపారం చేసే ఒక అందగత్తె. ఇటూ జీతం తీసుకుంటుంది, అటూ తీసుకుంటుంది.

"నమ్మొచ్చా?"

"సగం."

"ఏ సగం సార్?"

"అది తెలిస్తే రెండో సగం జీతం ఆపేద్దును," అన్నాడు చీఫ్.

*

మాస్టారి భార్యని డిపార్ట్‌మెంట్‌లో అందరూ అక్క అనే పిలుస్తారు. వీధి వైపు గదిలో రెండు కుట్టుమిషన్లు వేసుకుని స్కూలు యూనిఫారాలు కుడుతుంది. సానరాయి గుమ్మంలోకి వచ్చేసరికి ఒక కాలరు పూర్తిచేసి దారం కత్తిరించింది. కత్తెర చప్పుడుకి అతని ఒళ్లు ఉలిక్కిపడింది.

"ఇంకా పోలేదూ నీకా జబ్బు?" అంది తల ఎత్తకుండానే.

పోలేదు. తొమ్మిదేళ్ల కిందట, వరదలో ఉన్న సరిహద్దు నది మీద ఒకే ఒక్క తాడు. ముందు సానరాయి దాటాడు. మాస్టారు దాటేలోగా తరుముకొస్తున్నవాళ్లు అవతలి ఒడ్డుకి వచ్చేశారు. తాడు ఉంటే వాళ్లూ దాటతారు. మాస్టారు ఇటు ఒకసారి చూసి, తాడు మీద కత్తి పెట్టారు. సర్రున ఒక్క కోత. అంత నీటి హోరులో ఆ చప్పుడు ఇవతలికి వినపడే వీల్లేదని సానరాయికి తెలుసు. అయినా వినపడింది. అప్పట్నుంచి దర్జీ దారం తెంపినా, నర్సు బ్యాండేజీ కత్తిరించినా, ఎవరో ఉత్తరం చింపినా అదే చప్పుడు. ఆ వెనకే మాస్టారి చూపు. అందులో కోపం ఉంటే ఎప్పుడో మర్చిపోయి ఉండేవాడు. పాఠం పూర్తయిందా అని అడిగినట్టు ఉండేది ఆ చూపు.

శవం దొరకలేదు. కత్తీ దొరకలేదు. అయినా పైనుంచి సంతాప సందేశం వచ్చింది. తెచ్చినవాళ్లు అక్క ఏడుస్తుందని తలుపు దగ్గరే తలొంచుకు నిలబడ్డారు. "కత్తి రానివ్వండి, అప్పుడు ఏడుస్తాను," అని ఆమె వాళ్లకి మంచినీళ్లిచ్చి పంపేసింది. ఆ మాట మీదే ఉంది ఇన్నాళ్లూ.

"కత్తి దొరికిందా?" అంది ఇప్పుడు.

"ఫోటో దొరికింది అక్కా."

"ఫోటోకి ఏడవను."

లేచి వెళ్లి అలమరలోంచి ఒక నూలుగుడ్డ మూట తెచ్చింది. లోపల తోలు ఒర. బిగుసుకుపోకుండా కాగితాలు కూరి, మైనం రాసి ఉంచింది. మూతి దగ్గర నూట పదిహేడు. మాస్టారు ఏనాడూ దీన్ని డ్యూటీకి తీసుకెళ్లలేదు. తోలు తడిని పీలుస్తుంది, తోలు శుద్ధికి వాడే మందులు ఉక్కుని కొరుకుతాయి. కత్తి ఒంటరిగా, నూనెగుడ్డలో ఉండాలనేది ఆయన శాసనం. ట్రైనింగ్ స్కూల్లో మొదటి పాఠం కూడా అదే. "ఒర అంటే బస్సురా. ఊరొచ్చాక దిగిపోవాలి. బస్సులో కాపురం పెడతారా ఎవరైనా?" అనేవారు. ఎందుకండీ, ఎంతసేపు ఉంచొచ్చండీ అని మళ్లీ మళ్లీ అడిగి ప్రాణం తీసినందుకే ఇతనికి సానరాయి అని పేరు పెట్టారు. అడిగిందే అడిగి నా బుర్ర అరగదీస్తున్నావు కదరా అని.

"పెళ్లైన కొత్తలో తెలీక నేనూ ఆ కత్తిని ఒరలో పెట్టి దాచాను," అంది అక్క. "ఇల్లు పీకి పందిరి వేశారు మీ మాస్టారు. బస్సులో కాపురమా అని. అంత నీతులు చెప్పిన మనిషి తను మాత్రం రోజూ ఆఖరి బస్సుకే దిగేవారు. స్టాపులో నిలబడి నిలబడి నా కాళ్లు పడిపోయేవి."

ఒర అంచున పాత కుట్టు ఒకసారి విడిపోతే మాస్టారే మళ్లీ కుట్టుకున్నారు. చివరి ముడి ఎలా వెయ్యాలో అక్క నేర్పింది. దారాన్ని రెండు కుట్లు వెనక్కి మళ్లించి, ముడిని లోపలికి మింగించెయ్యాలి. బయటికి ముడి కనబడితే అది కుట్టు కాదు, మూట అనేదిట.

సానరాయి ఒరని తిప్పి తిప్పి చూశాడు. అసలు ఒర ఇక్కడుంది. మరి రేపు ప్రదర్శనకి వచ్చే ఒర?

"ఎవరో కుట్టి ఉంటారు," అంది అక్క.

"ఎందుకు కుడతారు?"

"నన్నడుగుతావేంటి సానరాయీ? నేను నిక్కర్లు కుట్టుకునేదాన్ని."

*

మర్నాడు ఉదయం మ్యూజియం హాల్లో కత్తులకి నూనె రాసే ముసలాయన ఒకడు కొత్తగా పనిలో చేరాడు. నెరిసిన మీసం, వంగిన నడుం, తెల్లటి చేతిగుడ్డలు, చెవిలో వినికిడి మెషీన్. మెషీన్‌లో చీఫ్ గొంతు వినపడుతుంది. భూతద్దం పిడిలో ఉన్న బటన్ నొక్కితే హాలు తలుపులు మూసుకుంటాయి. మీసం జిగురు దురదకి మాత్రం డిపార్ట్‌మెంట్ ఇంకా మందు కనిపెట్టలేదు.

గాజు పెట్టెల్లో ప్రతి కత్తీ, దాని ఒరా పక్కపక్కనే, ఒకదానికొకటి తగలకుండా ఉన్నాయి, రాత్రి పోట్లాడుకున్న మొగుడూ పెళ్లాల్లా. అలుగులన్నీ అద్దాల్లా మెరుస్తున్నాయి. సానరాయి వంగిన ప్రతిసారీ ముఖం ముక్కలు ముక్కలుగా కనబడుతోంది. ఒక అలుగులో నెరిసిన మీసం తనది కాదనిపించింది. బతికుంటే మాస్టారి మీసం ఈపాటికి ఇలాగే ఉంటుంది. గుడ్డతో ఆ అలుగుని అక్కర్లేకపోయినా ఇంకోసారి తుడిచాడు.

బూడిదరంగు పట్టు, మోచేతుల దాకా నల్లటి గ్లవ్స్. నెమలి వచ్చి అతని పక్కన ఆగింది.

"తాతా, ఈ నూనె దేనికి పనికొస్తుంది?"

"జ్ఞాపకాలకి తప్ప అన్నిటికీ."

కోడ్ కలిసింది. ఆమె గాజు పెట్టెలోకే చూస్తూ, "నేనెవరి మనిషినని మీ చీఫ్ నమ్మకం?" అంది.

"సగం మా మనిషివట."

"మిగతా సగం మీద నాకూ అనుమానమే."

తనకి తెలిసింది కొంచెమేనని చెప్పింది. పెట్టె సీలు వేసి వచ్చింది. తాళంచెవి, అవతల్నుంచి దిగిన నిపుణుడి దగ్గర ఉంది. కల్నల్ ముందే తెరవాలట. లోపల మందుపాతర ఉందో, మల్లెపూలు ఉన్నాయో ఆమెకి చెప్పలేదు.

ఆ నిపుణుడు హాల్లోనే ఉన్నాడు. పొడుగాటి మనిషి, వెండి పిడి చేతికర్ర. చుట్టూ చేరిన కలెక్టర్లకి ఏదో చెబుతూ, తెరిచి ఉన్న పెట్టెలోంచి ఒక కత్తిని వేళ్లతో అలుగు పట్టుకుని పైకెత్తాడు. ఉత్త వేళ్లతో. చెమటలోని ఉప్పు ఉక్కు మీద వేలిముద్రని తుప్పుగా అచ్చు వేస్తుంది. నిజమైన కలెక్టర్ మండే బొగ్గునైనా పట్టుకుంటాడు కానీ అలుగుని అలా పట్టుకోడు.

"వీడికి కత్తులు తెలియవు సార్," అన్నాడు సానరాయి మీసంలోంచి.

"నోటెడ్," అంది చెవి.

కల్నల్ గారు వచ్చారు. పొట్టిగా, గుండ్రంగా, బట్టతలతో ఉన్నారు. సరిహద్దు సమస్య తీర్చే మనిషిలా లేరు, మిఠాయి కొట్టు ముందు వదిలేసిన పిల్లాడిలా ఉన్నారు. ప్రతి పెట్టె దగ్గరా ఆగారు. ప్రతిసారీ గ్లవ్స్ తొడుక్కుని ఒరలు చేతిలోకి తీసుకుని మూతి దగ్గర వాసన చూసి, మళ్లీ విప్పారు. అది కలెక్టర్లందరి అలవాటే. తోలు నిజంగా పాతదా, కొత్త తోలుకి పాత రంగు పూశారా అనేది కంటికి దొరకదు. ముక్కుకి దొరుకుతుంది.

చివరికి నల్ల పెట్టె ముందుకి వచ్చారు. నిపుణుడు తాళం తిప్పి, హాలంతా వినపడేలా, "జత కుదిరింది," అన్నాడు.

అని, తలుపు వైపు నడక మొదలుపెట్టాడు.

జత కుదిర్చిన మనిషెవడూ ఎదుటివాడి ముఖం వెలగడం చూడకుండా వెళ్లడు. సానరాయి భూతద్దం మీద బటన్ నొక్కి, గాజు పెట్టెల మధ్యనుంచి ముందుకి కదిలాడు. నెమలి మూత ఎత్తింది.

నల్ల వెల్వెట్ మీద మాస్టారి కత్తి ఉంది. తోలు ఒరలో ఉంది.

ఎంత దూరం ప్రయాణం చేసి, ఎన్ని రోజులు ఆ సీలు పెట్టెలో ఉండి ఉంటుందో. ఆ కత్తి ఎవరిదో తెలిసినవాడు ఎవడూ దాన్ని తోలు ఒరలో పెట్టి పంపడు. కత్తి ఒరలోనే ఉండాలని ఎవరికో అవసరం పడింది. ఒరలో ఉంటే దాన్ని ఎవరో ఒకరు లాగాలి. లాగాక, ఒర మూతిని ముక్కు దగ్గర పెట్టుకోవాలి.

"అయ్యయ్యో, ఎవరండీ ఈ పాపం చేసింది?" అంటున్నారు కల్నల్ గారు. "తోలులో కుక్కి పంపారు. తుప్పు పట్టిపోదూ?" పసిబిడ్డని నీళ్లలోంచి తీస్తున్నవాడి కంగారుతో గ్లవ్స్ సంగతే మర్చిపోయారు. ఎడం చేత్తో ఒర పట్టుకున్నారు. కుడి బొటనవేలితో ఒర పట్టీకున్న గుండీ ఊడదీశారు. పిడి చుట్టూ వేళ్లు బిగిశాయి.

విషం అని అరిస్తే ఉలిక్కిపడి లాగేస్తారు. ఆగండి అంటే, సైన్యాన్ని నడిపిన మనిషి, ఎవరు నువ్వు అంటూనే లాగేస్తారు. సానరాయి తనకి తెలిసిన అన్ని ఆజ్ఞల్లోకీ పెద్ద ఆజ్ఞ ఇచ్చాడు.

"సార్, చేతికి చెమట!"

హాల్లో కలెక్టర్లందరూ ఒక్కసారి ఊపిరి పీల్చారు. కల్నల్ గారు బడిలో పట్టుబడిన పిల్లాడిలా బిగుసుకుపోయారు. చెవులు ఎర్రబడ్డాయి.

"సారీ," అన్నారు చిన్నగా, చేతులు వెనక్కి తీసుకోబోతూ.

అప్పటికే కత్తి గోరంత పైకి వచ్చింది. ఒర లోపల ఎక్కడో టిక్ మంది. ఇక ఎవరూ లాగనక్కర్లేదు, లోపలి స్ప్రింగే కత్తిని బయటికి నెడుతోంది. సానరాయి గుడ్డ తొడుక్కున్న చేతులు కల్నల్ చేతుల మీదుగా వచ్చి ఒరని అందుకున్నాయి. పిడి చివర బొటనవేలు పెట్టి బలంగా నొక్కాడు. లోపల ఏదో ప్రాణమున్నదానిలా ఎదురు తన్నింది. ఇంకా నొక్కాడు. ఆగింది.

మూసుకున్న తలుపు దగ్గర నిపుణుడు వెనక్కి తిరిగాడు. చేతికర్ర కొసన రబ్బరు బిళ్ల లేదు. దాని స్థానంలో నల్లటి రంధ్రం. అది సానరాయి ఛాతీ వైపు లేచింది. సానరాయి రెండు చేతులూ ఖాళీగా లేవు, వదిలితే కల్నల్ పోతారు. కదలకుండా నిలబడ్డాడు. చెవుల్లో నది హోరు.

నెమలి మడమ తగిలి నూనె డబ్బా పక్కకి ఒరిగింది. పాలరాతి మీద నూనె మెరుస్తూ పరుగెత్తింది. గురి కుదరక ఒక అడుగు ముందుకి వేసిన నిపుణుడు వెల్లకిలా పడ్డాడు. గుండు వెళ్లి పైకప్పు సున్నంలో దిగింది. సందర్శకుల్లో సగం మంది డిపార్ట్‌మెంట్ మనుషులే కాబట్టి అతను మళ్లీ తనంతట తను లేవాల్సిన అవసరం రాలేదు.

"కత్తులే అనుకున్నాను," అంది నెమలి, "నూనె కూడా తెలియదు పాపం."

*

హాలు ఖాళీ చేయించారు. కల్నల్ గారిని పంపేశారు. బాంబు స్క్వాడ్ వచ్చేదాకా సానరాయి అలాగే, కత్తిని ఒరలో ఒత్తిపట్టుకుని నిలబడాలి. తొమ్మిదేళ్ల కిందట వదిలేసిన చెయ్యి ఒకటి మళ్లీ చేతికి దొరికినట్టుగా ఉంది. కళ్లు మాత్రమే ఖాళీగా ఉన్నాయి కాబట్టి కుట్టు చూశాడు. తోలు పాతదే, దారం కొత్తది. చివర ముడి కనబడలేదు. దారం రెండు కుట్లు వెనక్కి మళ్లి, లోపలికి మాయమైంది.

అక్క మాస్టారికి నేర్పిన ముడి. బొటనవేలిని ఇంకాస్త గట్టిగా నొక్కాడు.

"ఇది కుట్టిందెవరు?" అన్నాడు.

నెమలి వెళ్లలేదు, ఇంకా పక్కనే ఉంది. ఇందాక తెలియదన్న మాట కూడా సగమే నిజమట. అవతల ఒక వర్క్‌షాపు ఉందట. కంచె లోపల. అక్కడ తోలు పని చేసే ఖైదీ ఒకడు. కుంటుతాడు, ఎవరితోనూ మాట్లాడడు. ముఠా ఈ ఒర పని అప్పజెప్పినప్పుడు మాత్రం నోరు విప్పాడట. ముందు వాళ్లు కత్తినీ, ఒరనీ విడివిడిగా పంపి, ఒర మూతికే విషం పెడదామనుకున్నారు.

"ఆయనే కాదన్నాడట. కత్తి ఒరలోనే ఉండాలి, కలెక్టర్లు ఎప్పుడూ అలాగే ఉంచుతారు అని చెప్పాడట. మావాళ్లు నమ్మారు," అంది నెమలి. "ఫోటో తీసి మీకు అందేలా చూడమన్నది కూడా ఆయనే. ఇది చూస్తే ఒక మొండివాడు వస్తాడు, అడిగిందే అడుగుతాడు అన్నాడు."

"నువ్వు ఈ గొడవలో పారిపోవచ్చు కదా?" అన్నాడు సానరాయి.

"సగం వెళ్లిపోయాను," అంది. స్క్వాడ్ మనుషులు లోపలికి వచ్చి అతని చేతుల్లోంచి ఒరని ఉక్కు డబ్బాలోకి మార్చి, కత్తిని విడదీసేసరికి మిగతా సగం కూడా లేదు.

*

"ఒక్క పీల్పు చాలు. గుండెపోటులా ఉండేది," అన్నాడు చీఫ్ సాయంత్రం. ఒర ల్యాబుకి వెళ్లింది. కల్నల్ గారు సామాను సర్దుకుంటున్నారు, గ్లవ్స్ రెండు జతలు పెట్టుకున్నారట. మాస్టారిని బయటికి తెచ్చే పని ఆ క్షణం నుంచే మొదలైంది. కానీ ఆయన బతికున్నారనే మాట ఈ గది దాటితే అవతల ఆయన్ని మిగలనివ్వరు.

"ఎవరికీ చెప్పకూడదు. ముఖ్యంగా ఆవిడకి."

"కత్తి, సార్?"

చీఫ్ కిటికీలోంచి చూశాడు. "కత్తి ఆవిడది. ఇచ్చిరా. మాట మాత్రం ఇవ్వకు."

సానరాయి ఆ వీధి మలుపు దాకా వచ్చి రెండుసార్లు వెనక్కి తిరిగాడు. కత్తి వస్తే ఏడుస్తానన్న మనిషికి కత్తి తీసుకెళ్తున్నాడు. బతికున్న మనిషి కోసం ఆమె ఏడుస్తుంటే చూస్తూ ఊరుకోవాలి. ఆజ్ఞ ఆజ్ఞే. ఏనాడూ మీరలేదు.

అక్క మిషన్ ఆపి, నూనెగుడ్డ విప్పింది. నంబర్ చూసింది. నొక్కు మీద వేలు పెట్టబోయి, గుర్తొచ్చి, చీర కొంగు చేతికి చుట్టుకుని అప్పుడు ముట్టుకుంది. ఇన్నాళ్లూ దాచిపెట్టిందంతా కళ్లలోకి వచ్చింది.

"ఎలా దొరికింది?" అంది.

"ఒరలో దొరికింది అక్కా."

"ఒరలోనా?"

"తోలు ఒరలో."

ఆమె వేలు ఆగిపోయింది. "ఎవరు పెట్టారు?"

సానరాయి నేల వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి, అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పలేదు, తిరిగి ఇంకో ప్రశ్నా వెయ్యలేదు. అక్క అతని ముఖాన్ని, కుట్టు తప్పిన బట్టని చూసినట్టు, అంచు నుంచి అంచు దాకా చూసింది. తర్వాత లేచి వెళ్లి అలమరలోంచి అసలు ఒర తీసుకొచ్చింది. కూరిన కాగితాలు ఒక్కొక్కటే బయటికి లాగి, బల్ల మీద కత్తికి పక్కగా, తగలకుండా పెట్టింది.

చేతిలో కత్తెర తీసుకుని మిషన్ మీద ఆగిపోయిన దారం తెంపింది. సానరాయి ఉలిక్కిపడలేదు.

"అయితే బస్సెక్కారన్నమాట," అంది అక్క, కొంగుతో కళ్లు తుడుచుకుని. "మీ మాస్టారు ఎప్పుడూ ఇంతే. ఆఖరి బస్సుకే వస్తారు."